బతికున్న పన్ను

నా చిన్నప్పుడు మా ఇంట్లో నొప్పి అనే మాట ఎవరూ పలికేవారు కాదు. కట్టంగూర్ దగ్గరి మా ఊళ్ళో పొలాలు చేజారాయి, పాలేర్లు వెళ్ళిపోయారు, దొరల కాలంనాటి మా గడీ పైకప్పు సగం కూలింది. మా తాత వీపు మాత్రం వంగలేదు. తేలు కుట్టినా పెదవి కదపకపోవడమే మా వంశానికి మిగిలిన ఆస్తి అన్నట్టు ఉండేవాడు. నేనూ అలాగే పెరిగాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

పదేళ్ళ వయసులో నా కుడివైపు కింది దవడ పన్ను పుచ్చింది. చల్లని నీళ్ళు తగిలితే నడినెత్తి దాకా జివ్వుమనేది. ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి ఎడమ పక్కనే నమిలాను. చివరికి ఒకరోజు నవ్వుతుంటే పుచ్చిన గుంట మా అవ్వ కంట పడింది. మర్నాడే తాత నన్ను బస్సెక్కించి నల్గొండలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. లోపల అడుగు పెడుతూనే, పాలపన్నే కదా మళ్ళీ వస్తుంది, పీకెయ్యమన్నాడు. మావాడు అరవడని కూడా చెప్పాడు.

ఆమె నా నోట్లోకి చూసి, ఇది పాలపన్ను కాదు, పోతే మళ్ళీ రాదని చెప్పింది. మంచుముక్కకు తాకించిన దూదిని పన్ను మీద పెట్టి, నొప్పి ఉందా అని అడిగింది. కళ్ళ ముందు మెరుపులు మెరిశాయి. తాత నన్నే చూస్తున్నాడు. లేదన్నాను. మళ్ళీ పెట్టింది. మళ్ళీ లేదన్నాను. లోపల చచ్చిపోయినట్టుంది, తీసేయక తప్పదంటూ ఆమె పట్టకారు అందుకుంది. అప్పుడే, కుర్చీ చేతిని బిగించి పట్టుకున్న నా వేళ్ళు కనిపించాయి కాబోలు, ఆగిపోయింది.

"జర నా దిక్కు చూడు బిడ్డా, తాత దిక్కు గాదు. చచ్చిన పన్ను నొయ్యది. బతికున్నదే నొస్తది. నొస్తలేదంటవా, ఇప్పుడే పీకేస్త."

"నొస్తాంది," అన్నాను.

మా ఇంటివాళ్ళలో ఆ మాట మొదట పలికింది నేనే.

ఆమె పట్టకారు పక్కన పెట్టి, పంటి చిగురుకు మత్తు సూదిమందు ఇచ్చింది. కాలితో తొక్కే మర తిప్పుతూ పుచ్చిన భాగాన్ని కొంచెం కొంచెంగా తీసింది. ఒకచోట చెయ్యి ఆపి, తాతను దగ్గరికి పిలిచి ఇద్దరికీ కనబడేలా చిన్న అద్దం పట్టింది. మా ఊరి ఫ్లోరైడు నీళ్ళకు పచ్చబారిన పళ్ళ మధ్య, ఆ గుంట అడుగున, ఆవగింజంత ఎర్రటి చుక్క. నెత్తురు. పన్నంటే రాయి అనుకున్నవాణ్ణి, నా నోట్లో ఇంత ప్రాణం దాగి ఉందా అని నివ్వెరపోయాను. ఆమె దానిమీద తడిదూది అదిమి, ఊపిరి బిగబట్టి చూసింది. దూది తీస్తే నెత్తురు ఆగి ఉంది. లోపలిది చెడలేదని, పైన కప్పి కాపాడితే ఇంకా పూర్తిగా ఎదగని పంటి వేరు కూడా ఎదుగుతుందని చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. సున్నపు ముద్దలాంటి తెల్లమందును పసిబిడ్డకు పక్క పరిచినంత మెల్లగా ఆ చుక్క మీద పరిచి, పైన గట్టిగా మూసేసింది.

తాత అద్దంలోంచి చాలాసేపు కళ్ళు తిప్పుకోలేదు. తిరుగు బస్సెక్కాం. మా స్టేజీ దగ్గర దిగబోతూ నా భుజం పట్టుకున్నాడు.

"మోకాలు నొస్తాంది రా. శానా దినాలాయె."

నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన బరువు నా మీద ఆనడం అదే మొదటిసారి.

ఆ పన్ను ఇప్పటికీ నాతోనే ఉంది. తెలంగాణ వచ్చాక నల్గొండలో పళ్ళ దవాఖానలు వీధికొకటి వెలిశాయి. వాటిలో ఒకదానిలో మొన్న కుర్ర డాక్టరు చల్లటి దూది పెట్టి, ఏమన్నా తెలుస్తుందా అని అడిగాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది జివ్వుమంది. నిటారుగా కూర్చునే, నొస్తాందని చెప్పాను. అరవడం మా వంశంలో ఇప్పటికీ ఎవరికీ రాదు. అడిగితే మాత్రం నిజమే చెబుతాను.