విజిల్ ఇనబడని కెప్టెన్

సూరత్‌ల ఒక హిందీ పేపర్‌కు ఆటల వార్తలు రాస్త నేను. క్రికెట్‌కు సగం పేజీ, ఫుట్‌బాల్‌కు నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్ల కోసం గూడ ఎడిటర్‌తోని రోజూ కొట్లాటే. "ఫుట్‌బాల్ ఎవరు చదువుతరు?" అంటడు. కామ్‌రేజ్ దిక్కు ఎన్ని కొత్త గ్రౌండ్లు పడ్డా, ఐతారం ఎన్ని టీములు దిగినా, ఆయన కంటికి ఆనదు.

ఆ నాలుగు లైన్లతోనే నేను ఒక మనిషి కొంప ముంచిన.

సెమీఫైనల్ నడుస్తున్నది. సూరత్ పక్కన సచిన్ ఏరియాల సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే మన తెలుగోళ్ల టీము ఆడుతున్నది. వాళ్ల కెప్టెన్ బంతి తీస్కొని ఉరికిండు. రెఫరీ ఆఫ్‌సైడని విజిల్ ఊదిండు. ఈయన ఆగలే. మళ్ల ఊదిండు. ఆగలే, గోల్ కొట్టి చేతులెత్తిండు. రెఫరీకి మండి రెడ్ కార్డు చూపిండు. నేను ఫోన్ల టకటక కొట్టి పంపిన: "కెప్టెన్ పొగరు, విజిల్‌కు లెక్కలేదు." మంచి హెడ్డింగ్ దొరికిందని మురిసిన గూడ.

మూడొద్దులకు లీగ్ కమిటీ నా వార్త అంటిచ్చి ఆయనకు నోటీసు పంపింది. టీము గెలిచి ఫైనల్‌కు పోయింది గని, ఆయనను ఏడాది ఆడనియ్యరట. ఐతారం విచారణ.

నోటీసు సంగతి తెలిసిన పొద్దు ఇంట్ల అయ్యను అన్నానికి పిలువాలె. అలవాటు ప్రకారం లైటు స్విచ్ రెండుసార్లు టక్కుటక్కుమనిపిచ్చిన. ముప్పై ఏండ్లు సాంచల మోతల నిలబడ్డ మనిషికి ఎనుక నుంచి పిలిస్తే ఇనబడదు. మా ఇంట్ల పిలుపంటే లైటే. నా చెయ్యి స్విచ్ మీదనే ఆగిపోయింది. థూ, నా బతుకు! సాంచల నడుమ పెరిగిన దాన్ని, ఆ కెప్టెన్‌కు ఇనబడలేదేమోనని ఒక్క నిమిషం ఆలోచించకపోతిని.

తెల్లారి ఆయన ఇంటికి పోయిన. ఎదురుంగ నిలబడి అడిగిన, "ఇనబడలేదని ఎందుకు చెప్పలేదన్నా?"

"చెవిటోడంటే ఏ టీము పెట్టుకుంటది చెల్లె? పొగరుబోతన్నా నయమే."

"నేను చెడగొట్టిన, నేనే బాగుచేస్త. జర విచారణకు రా," అన్న. ఏడాది ఆట ఇడిచేకన్న ఇదే నయమని సరేనన్నడు.

ఇటు ఎడిటర్ దిద్దుబాటు ఎయ్యనన్నడు. "ఫుట్‌బాల్‌దా? ఎవరు చదువుతరు?"

"నిషేధం పెట్టేటోళ్లు చదివిండ్రు కద సార్!" ఆఫీసు మొత్తం ఇనేటట్టు అరిచిన. విచారణల తేలితే రాయి పో అన్నడు.

విచారణకు అయ్యను గూడ తోల్కపోయిన. ఇద్దర్నీ గోడ దిక్కు తిరిగి నిలబడమన్న. రెఫరీ దగ్గర విజిల్ అడిగి తీస్కొని, గట్టిగ ఊపిరి తీస్కొని ఊదిన. కమిటీ పెద్దలు చెవులు మూసుకున్నరు. కెప్టెన్ కదలలే. అయ్య గోడ దిక్కే చూసుకుంట, "ఇంకెప్పుడు ఊదుతవ్ బిడ్డా?" అన్నడు.

స్విచ్ బోర్డు కాడికి పోయి ట్యూబ్‌లైట్ ఆర్పి ఎలిగిచ్చిన. ఇద్దరూ ఒక్కసారే తిరిగిండ్రు.

కమిటీ పెద్దలు నిషేధం, రెడ్ కార్డు రెండూ ఎత్తేసిండ్రు. రెఫరీ నోటీసు తీస్కొని చింపిండు. నేను ఆఫీసుకు పోయి నా తప్పును నా పేరుతోనే రాసిన, నాలుగు లైన్లల్ల పట్టలేదు.

ఫైనల్ల రెఫరీ విజిల్ ఊదుకుంటనే ఎర్ర రుమాలు గూడ ఎత్తిండు. రుమాలు లేవంగనే కెప్టెన్ ఆగిండు.