కాన్సస్ సిటీకి కత్తి పట్టుకెళ్లిన రోజు

ఈ ప్రయాణం నా కోసం కాదు. బెంటన్‌విల్‌లో నా రూమ్మేట్ శిరీష కొన్నేళ్లుగా జపాన్ కత్తిసాము నేర్చుకుంటోంది. నేర్పే డేల్ గారి దగ్గర ఒక పాత జపాన్ కత్తి ఉంది. దానిమీద చెక్కిన పేరు గొప్ప కమ్మరిదని ఆయన నమ్మకం. డయాలసిస్ మొదలయ్యాక ఆయన ఊరు దాటలేకపోతున్నారు. కాన్సస్ సిటీలో కత్తుల ప్రదర్శన ఉందని తెలిసి, "ఆ సంతకం సంగతి నేనుండగానే తేల్చుకురా" అని కత్తిని శిరీష చేతిలో పెట్టారు. వారమంతా ఆఫీసు పనితో నాకు నిద్రలేదు. అయినా డ్రైవ్ చేసింది నేనే.

శనివారం తెల్లవారుతూనే ఐ-49 హైవే ఎక్కితే మూడున్నర గంటల పైనే పట్టింది. దారంతా వాన. మధ్యలో జోప్లిన్‌లో ఆగి తాగిన కాఫీ కూడా కళ్లు తెరిపించలేదు. టికెట్ మనిషికి పదిహేను డాలర్లు. కత్తి తెచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే చూపించి ట్యాగ్ కట్టించుకోవాలి. లోపల నిపుణుల బల్ల ముందు చాలాసేపు క్యూలో నిలబడ్డాం.

కెన్ అనే పెద్దాయన పిడి ఊడదీసి, లోపలి తుప్పుపట్టిన భాగాన్ని దీపం కింద పెట్టారు. సంతకం అక్కడే చెక్కుతారట. ఒకే కమ్మరి సంతకం వయసుతో ఎలా మారుతుందో ఫొటోల్లో చూపించారు.

"అయితే ఇది ఆయన ముసలితనంలో చెక్కిందేమో?" శిరీష ఆశగా అడిగింది.

"చెయ్యి వణకొచ్చు. ఉలి పడే తీరు మారదు. ఇక్కడ ప్రతి గీతా చూసి దించినట్టు ఆగి ఆగి పడింది. అక్షరాల్లో తుప్పు కూడా కొత్తదే. కత్తి పాతది, మంచిది. పేరే తర్వాత ఎవరో చెక్కారు."

కారులో కూర్చున్నాక శిరీష, "డేల్ గారికి ఒరిజినలే అని చెప్పేస్తే పోలా?" అంది.

"నీ గొంతు వింటేనే ఆయనకి తెలిసిపోతుంది," అన్నాను.

స్పీకర్‌లో ఫోన్ చేసి నిజమే చెప్పింది. డేల్ గారు ఒక్కటే అడిగారు.

"కత్తి మంచిదేనన్నారా?"

"చాలా మంచిదన్నారు, సర్."

"సరే. వాన పడుతోంది. మెల్లగా రండి."

శిరీష ఏడ్చింది. ఓదార్చే ఓపిక లేక, టిష్యూలు అందించి కారు స్టార్ట్ చేశాను.

ఇంత దూరం వెళ్లి ఒక మనిషి ఆశ తుంచి వచ్చామా అని దారంతా బాధపడ్డాను. మర్నాడు డేల్ గారు కత్తిని వెలుగులో తిప్పుతూ, అంచు పొడవునా కమ్మరి పనితనం చూపే అలలాంటి గీతను మాకు చాలాసేపు చూపించారు. సంతకం ఊసెత్తలేదు. నాకూ అప్పుడే కాస్త ఊపిరాడింది. మీరూ ఇలా కత్తి చూపించడానికి వెళ్లేట్టయితే, పిడి లోపలి తుప్పును మాత్రం శుభ్రం చేయకండి. కత్తి వయసు చెప్పేది అదే.