పొద్దునకల్లా ఆగిపోయే రన్నర్

లైబ్రరీలో పుస్తకం ఉన్న విద్య ఏదైనా నాకు వచ్చేసినట్టేనని గట్టిగా నమ్మిన రోజులవి. కరీంనగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మూడు నెలల ట్రయల్ మీద చేరాను. డిగ్రీలో చదివింది బీకాం. కంప్యూటర్లు మాత్రం గ్రంథాలయంలో, పోటీ పరీక్షల పుస్తకాల వెనక దాక్కున్న ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చూసి నేర్చుకున్నాను. దాన్ని ఇంటికి ఇవ్వరు. ఫొటో తీసుకుందామంటే, అక్కడ కూర్చునే చాచా "ఫోన్ లోపల వెట్టు బేటా. చేత్తోని రాస్కో, యాదుంటది" అనేవాడు. అందుకని కమాండ్లన్నీ నోటుబుక్కులోకి ఎక్కించాను (ఎర్ర ఇంకు గీతలతో సహా).

మేం రాసిన కోడ్‌ను యాప్‌గా తయారుచేసి (ఆ తయారీ పేరు బిల్డ్) పరీక్షించే ప్రోగ్రామును రన్నర్ అంటారు. మాకది ఎక్కడో ఉన్న అద్దె యంత్రం మీద నడిచేది. దాని ముందు క్యూలో అరగంట పడిగాపులు. మన వెనక గదిలోని సర్వర్ మీదే సొంత రన్నర్ పెట్టేస్తానని ఎవరూ అడగకముందే ప్రకటించాను. మేమంతా అన్న అని పిలిచే యజమాని నన్ను కిందికీ మీదికీ చూశాడు. "శుక్రారం దాంక టైమిస్త. నడిస్తె పర్మినెంటు. నడ్వకుంటె బస్సెక్కు." బస్సంటే మా ఊరు ఖానాపూర్ పోయే బస్సు. అక్కడ బాపు అప్పటికే దుబాయ్‌లో ఉన్న మేనమామతో నా వీసా సంగతి మాట్లాడుతున్నాడు.

సోమవారం నోటుబుక్కు ముందు పెట్టుకుని రన్నర్‌ను లేపాను. సాయంత్రానికి మొదటి బిల్డ్ పక్కన పచ్చ టిక్కు పడింది. నా గంతులు చూసి పక్క సీటు అక్క తన కుర్చీ జరుపుకుంది. మంగళవారం పొద్దున వచ్చి చూస్తే రన్నర్ ఆఫ్‌లైన్. మళ్లీ లేపాను, పగలంతా బంగారంలా నడిచింది. బుధవారం పొద్దున మళ్లీ అదే కథ. ఇన్వర్టర్‌ను అనుమానించాను, కేబుల్ మార్చాను, దుమ్ము తుడిచాను (గదిలో కాపురమున్న బల్లిని కూడా వెళ్లగొట్టాను).

"తమ్మీ, జర ఇంటర్నెట్ల చూడరాదు?" అంది అక్క.

"పుస్తకం మొత్తం రాసుకున్ననక్కా. ఇంటర్నెట్టెందుకు?"

"గా పుస్తకంల బల్లిని గూడ రాసిండ్రా?"

నేను వదిలే రకం కాదు. గురువారం మధ్యాహ్నం అన్నం మానేసి లైబ్రరీకి పరుగెత్తాను. "గా బుక్కా? నువ్వు దప్ప ఎవ్వలు ముట్టలే" అన్నాడు చాచా. నేను రాయడం ఆపిన పేజీలో గుర్తుకు పెట్టిన బస్సు టికెట్టు అలాగే ఉంది. (ఆ రోజు చాచా తాళాలు గలగలలాడించాడు. ఇక్కడితో రన్నర్ నడుస్తుందని రాసి ఉండటంతో, ఇంకేముందిలే అని లేచిపోయాను.) పేజీ తిప్పాను. మొదటి వాక్యమే చెప్పింది: ఇంతవరకు చేసింది పరీక్ష కోసమే, మీరు లాగౌట్ చేయగానే రన్నర్ ఆగిపోతుంది, ఎప్పుడూ నడవాలంటే దాన్ని సర్వీసుగా, అంటే సర్వర్‌తో పాటే తనంతట తాను లేచేలా, పెట్టుకోవాలి.

అదే పుస్తకం మొదటి అధ్యాయంలో, పని ముగిశాక లాగౌట్ చేయకుండా సర్వర్ ముందు నుంచి లేవకూడదని ఉంది. ఎర్ర గీత గీసుకున్న వాక్యం. రోజూ సాయంత్రం ఆరింటికి, చెప్పులేసుకునే ముందు, భక్తిగా లాగౌట్ చేసి, నా రన్నర్ గొంతు నేనే పిసికి ఇంటికి పోతున్నానన్నమాట!

మిగిలిన రెండు కమాండ్లూ రాసుకొచ్చి పెట్టాను. శుక్రవారం అన్న ఒక్క మాటైనా అడగకుండా వెనక గదిలోకి పోయి సర్వర్‌నే రీస్టార్ట్ చేశాడు. "ఇగ జూద్దాం నీ రన్నర్ సంగతి." రెండు నిమిషాలకు, ఎవరూ ముట్టుకోకుండానే, రన్నర్ తనంతట తాను లేచింది. ఆగి ఉన్న అక్క బిల్డ్‌ను అందుకుంది. పచ్చ టిక్కు.

"సోమారం సంది పర్మినెంటు పో" అన్నాడు అన్న. "ఇంతకు ఏమైండెరా దానికి?"

అంత లావు పుస్తకం చదివినవాడు ఏమని చెప్పుకుంటాడు? "నెట్‌వర్క్ ప్రాబ్లమన్నా" అన్నాను, చాలా గంభీరంగా.

ఇప్పుడు ఆ సర్వర్లకు నేనే పెద్దను. కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు పొద్దున్నే నా ముందుకొచ్చి, నేల చూపులు చూస్తూ, "నెట్‌వర్క్ ప్రాబ్లం సార్" అంటారు. నేను ఇంకేమీ అడగను. "అయితది తమ్మీ," అంటాను, "గా నెట్‌వర్క్ నన్ను గూడ బాగ సతాయించింది."