కోరుట్ల లచ్చన్న వాయించే టెక్సాస్ పాట

ఫోన్లో ఒక పెళ్లి ఊరేగింపు పాత వీడియో చూశాను. డప్పుల మధ్య ఎవరో మెడకు తగిలించుకున్న అకార్డియన్ పెట్టె వాయిస్తున్నారు. బాణీ మనది కాదు, అయినా నా కాలు ఆగలేదు. అది టెక్సాస్‌లోని మెక్సికన్ల సంగీతమనీ, వాయించేది కోరుట్ల లచ్చన్న అనీ తెలిశాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

పొద్దున ఐదింటికి సికింద్రాబాద్‌లో బస్సెక్కితే పదిన్నరకు జగిత్యాల. టికెట్ నాలుగు వందల లోపే. ఉప్మా తిని ఇంకో బస్సు పట్టుకుంటే ముప్పావు గంటలో కోరుట్ల. నేను వెళ్లేసరికి లచ్చన్న ఇంటి ముందు బ్యాండు వ్యాను బయల్దేరుతోంది. "సిరిసిల్లల పెండ్లున్నది తమ్మీ. ఎక్కు, మాట్లాడుకుంట పోదాం" అన్నాడు.

కథలాపూర్, వేములవాడ మీదుగా దాదాపు రెండు గంటల దారి. ఆ దారిలోనే తన కథంతా చెప్పాడు. ఇరవయ్యో ఏట గల్ఫ్ పోయి చమురు బావుల క్యాంపులో వంటకు కుదిరాడు. అక్కడ టెక్సాస్ నుంచి వచ్చిన రామోన్ అనే మెక్సికన్ శుక్రవారాలు ఒక గిటార్ వాయించే స్నేహితుడితో కలిసి అకార్డియన్ వాయించేవాడట. "నేను రొట్టెలు చేసుడు బంద్ పెట్టి ఇంటుంటి. ఒకనాడు పెట్టె నా మెడల ఏసిండు." ఆరేళ్లు నేర్పి, వెళ్లిపోతూ ఆ పెట్టె లచ్చన్నకే ఇచ్చేశాడు. తిరిగొచ్చాక ఊళ్లో బ్యాండువాళ్లు మొదట నవ్వారు. ఒక్క బరాత్ ఊరేగింపులో విన్నాక మళ్లీ వదల్లేదు. నిరుడు పక్షవాతంతో ఎడమచేతి వేళ్లు బిగుసుకుపోయాయి. ఆ తర్వాత వాయించడం ఇదే మొదటిసారి.

"చేతనైతదా బాపూ?" అని అడిగింది పక్కనున్న కూతురు స్వరూప. ఆమె ఆ బ్యాండులో డప్పు కొడుతుంది.

సాయంత్రం ఐదింటికి బరాత్ కదిలింది. పెట్టెను లాగి నొక్కడానికి వీలుగా స్వరూప తండ్రి ఎడమ మణికట్టును దాని పట్టీకి గట్టిగా కట్టింది. పాట ఎత్తుకోవడం బాగానే ఎత్తుకున్నాడు. కాసేపటికి తాళం పట్టే ఎడమవైపు బటన్లు వేళ్లకు అందలేదు, ఆగిపోయాడు. స్వరూప మాత్రం డప్పు ఆపకుండా దగ్గరికొచ్చి, "గా బటన్లు ఇడిచిపెట్టు బాపూ! తాళం నేను జూస్కుంట, నువ్వు పాట అందుకో!" అని అరిచింది.

అంతే, కుడిచేతి వేళ్లు పరుగెత్తాయి. పెళ్లికొడుకు కారు దిగి ఆడాడు. నేనూ ఆడాను. చెమటలు కారుతుండగా లచ్చన్న నవ్వాడు. "రామోన్ గూడ గిట్లనే వాయిస్తుండె తమ్మీ! ఎడమచెయ్యి పని గిటార్ వాయించెటాయనకు ఇడిచిపెడుతుండె. ఎందుకో నాకిప్పుడు సమజైంది."

ఆ పాట ఎంత దూరం నుంచి వచ్చిందో చూద్దామని వెళ్లినవాణ్ణి, ఒక తండ్రీ కూతురూ దాన్ని చెరిసగం మోయడం చూసి వచ్చాను. ఇంత సంతోషంగా ఈ మధ్య ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు. మీరూ వెళ్లాలనుకుంటే పెళ్లిళ్ల రోజుల్లోనే వెళ్లండి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. సిరిసిల్ల బరాత్‌లో నిలబడి చూస్తానంటే ఎవరూ ఊరుకోరు.