బస్సు మెట్టు ఎత్తు

రెండు వేల ఆరు ప్రాంతంలో, గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సులో ఒక వృద్ధురాలు నా పక్కన కూర్చుంది. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు వేలాడదీసుకుని నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. అంతకుముందు ఏడాది ఆమె తోడికోడలు ఆ గుంతలోంచి లేస్తూ పడి, తుంటి విరిగి, మళ్లీ మంచం దిగలేదట. అప్పటినుంచి తమ వాడలో ముసలివాళ్లకు పొద్దున్నే కసరత్తు నేర్పుతున్నారని, దాంతో పడటం తగ్గిందని చెప్పింది.

"దానివల్లే పడటం తగ్గిందని ఎలా తెలుసు? ఎవరైనా లెక్క చూశారా?" అని అడిగాను. రుజువు లేని మాటను నేను ఒప్పుకోలేను.

"లెక్క నాకు తెల్వదు సారూ. పడితే నేను గూడ మంచానికే. ఆ భయమైతే పోలే. మునుపు మగ్గం గుంతల దిగినట్లు మెట్టు మీద కూసొని బస్సు దిగుతుంటి. 'అవ్వా, ఈడ గూడ చీర నేస్తవా?' అని కండక్టర్ నవ్వుతుండె. ఇప్పుడు కసరత్తు నేర్పేటోళ్లు గట్ల దిగొద్దన్నరు."

ఆమె దిగవలసిన ఊరు వచ్చింది. మెట్టు నేలకు చాలా ఎత్తున ఉంది. ఆమె వెంట తలుపు దాకా వెళ్లి చెయ్యి అందించాను.

"పట్టకు బిడ్డా. రేపు నువ్వుంటవా?"

తలుపు పక్క కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. ఒక పాదం గాలిలో ఆగిపోయింది. పాదం నేలను తాకింది. ఆమె తూలి, నిలదొక్కుకుని, వెనక్కి చూడకుండా నడిచింది.

ఒక్కసారి పడకపోవడం దేనికీ రుజువు కాదు. అయినా బస్సు కదిలాక చూసుకుంటే, నా చెయ్యి ఇంకా తలుపు బయటికి చాచే ఉంది.