కండెలు చుడుతూ వదిన కట్టిన చరణం

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో పాట పెట్టింది. అందులో పిల్ల, తన ప్రియుడు హంతకుడని తెలిసి కూడా పోలీసులకు అడ్డం నిలబడతానంటుంది. మనవరాలికి కళ్లు చెమర్చాయి గానీ, నాది మొదటి నుంచీ అనుమానపు బుద్ధి కదా, ఇంతకీ వాణ్ణి ఎక్కడ దాచిందో అని ఆలోచనలో పడ్డాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ఎమ్మిగనూరులో ఒక చేనేత ఇంటికి కొత్త కోడలిగా వచ్చాను. మగవాళ్లు మగ్గాల మీద ఉంటే ఆడవాళ్లం రాట్నాల దగ్గర కూర్చుని నూలును కండెలకు చుడుతూ ఒక దొంగ పెళ్లాం పాట పాడేవాళ్లం. "తాళాలు పగలగొట్టినోడా, నా తాళికి కావలున్నోడా" అని అందరం ఎత్తుకున్నాక, వంతుల వారీగా ఒక్కొక్కరు సొంతంగా ఒక చరణం కట్టాలి. కట్టిన మాట నిజమై ఉండాలనీ, అబద్ధం కలిపితే నూలు తెగుతుందనీ మా అత్తగారు చెప్పేవారు, మేమూ నమ్మేవాళ్లం.

ఆ ఏడు ఆదోనిలో ఒక గోదాములో పత్తి బేళ్లు పోయాయి. అక్కడ కాపలా ఉండే మా ఆడబిడ్డ మొగుడు ఆ రోజు నుంచే కనబడలేదు. పోలీసులు రెండుసార్లు మా ఇంటికి వచ్చి, అతన్ని దాచారని తేలితే మగవాళ్లందరినీ పట్టుకుపోతామని బెదిరించి పోయారు. మా ఇంట్లోనే ఉంటున్న ఆ ఆడబిడ్డ, మా వదిన, మాత్రం ఎప్పటిలాగే తల దువ్వుకుని, ఎప్పటిలాగే సంగటి తిని, రాట్నం ముందు కూర్చునేది. ఆమె ఏడవకపోవడమే నాకు అనుమానం. ఎవరికైనా సద్ది కట్టి ఇస్తోందా, ఎవరితోనైనా గుసగుసలాడుతోందా అని నా కళ్లు ఆమె వెంటే తిరిగేవి.

ఒక మధ్యాహ్నం తన వంతు రాగానే వదిన, "హాలహర్వి జొన్నచేల్లో మంచె మీద ఉన్నోడా, ఎండకు నల్లబడితివా" అని పాడింది. నూలు తెగలేదు. అంటే మాట నిజమేననుకున్నాను. నా భర్తను ఎక్కడ పట్టుకుపోతారో అన్న భయంతో ఆ సాయంత్రమే మామగారి చెవిన వేశాను. ఆయన అసలే పిరికి మనిషి, పరుగున స్టేషనుకు పోయి చెప్పేశారు.

పోలీసులు నాలుగు రోజులు హాలహర్వి చేలన్నీ తొక్కారు. ఆలోపల బేళ్లు ఒక లారీ డ్రైవరు పెరట్లో దొరికాయి, కేసులోంచి వదిన మొగుడి పేరు కొట్టేశారు. ఆయన నింపాదిగా సి.బెళగల్ నుంచి, అంటే సరిగ్గా ఎదురు దిక్కు నుంచి, నడిచి వచ్చాడు. ఆయన చేతులు పూర్తిగా శుభ్రమని నేను ఈ రోజుకీ నమ్మను.

వదిన నాతో తగవు పడలేదు. కండె మారుస్తూ, "నువ్వు సెప్తావని తెల్సే పాడినా అమ్మీ. సెప్పకపోయింటే ఏం సేద్దునో," అంది, అంతే.

ఇప్పుడు ఆ రాట్నాలు లేవు. ఎవరో కట్టి ఎవరో పాడిన పాటలను మనం వింటున్నాం, వాటికి చరణం చేర్చే పని మనకు లేదు, పక్కన కూర్చున్న మనిషి గుణం ఎరిగి పాడేవాళ్లూ లేరు. మొగుణ్ణి కాపాడుకోవడానికి మా వదిన దేవుణ్ణి నమ్ముకోలేదు, అన్నదమ్ములను నమ్ముకోలేదు. నా అనుమానాన్ని నమ్ముకుంది.