నేను ఎంచిన నక్షత్ర చేపలు

మా ముత్తాత లక్సెట్టిపేట వైపు పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత గడి మెట్లు దిగితే వాకిట్లో కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. మా బాపు కాలానికి గడి ఒక్కటి మిగిలింది, నా కాలానికి దాని పేరు. ఇది చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

మొన్న కరీంనగర్‌లో కంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నప్పుడు గోడవారగా ఉప్పునీటి అక్వేరియం కనబడింది. అడుగున తెల్లటి ఇసుక, దాని మీద పలచటి గోధుమరంగు పొర. ఇసుకను శుభ్రం చేసే ప్రాణులను ఇందులో ఎవరూ వేయలేదని చూడగానే తెలిసిపోయింది. నలభై దాటాక ఆ ప్రాణులను ఎంచే పని నేను నేర్చుకున్న ఇల్లు కళ్ల ముందు కదిలింది.

పొలాలు చేతులు మారిన ఏడాది, అక్వేరియాలు అమ్మే ఒక ముస్లిం మిత్రుడి దుకాణంలో పనికి కుదిరాను. ఆయనను భాయ్ అనీ, ఆయన భార్యను భాబీ అనీ పిలిచేవాణ్ణి. వాళ్లు నన్ను దొర అనేవారు, అందులో సగం మర్యాద, సగం ఆటపట్టింపు. భాబీ పక్షవాతంతో మంచం పట్టారు. సముద్రం చూపిస్తానని పెళ్లయిన కొత్తలో మాటిచ్చిన భాయ్, దుకాణం వదిలి ఎన్నడూ కదలలేక, చివరికి ఆమె మంచానికి ఎదురుగా చిన్న తొట్టె పెట్టి, ఉప్పునీరు కలిపి, రెండు నారింజరంగు చేపలను వదిలారు. ఆమె పొద్దంతా దాన్నే చూసేవారు. ఇసుక మీద మురికి పేరుకుంటుంటే, దాన్ని శుభ్రంగా ఉంచే ప్రాణులను ఎంచి తెప్పించే పని భాయ్ నాకు అప్పగించారు.

మా ఇంట్లో ఎడ్లను ఎంచినా, పల్లకీ మోసే బోయీలను ఎంచినా, నలుగురి చూపు నిలిచేవాటినే, నిలిచేవాళ్లనే ఎంచేవారు. నాకూ అదే అలవాటు. చిన్న నత్తలు చాలని ఆ ప్రాణులను అమ్మే హైదరాబాద్ వ్యాపారి చెప్పినా వినక, అరచేయంత నక్షత్ర చేపలు రెండు తెప్పించాను. అవి ఇసుకలో కూరుకుంటూ కదులుతుంటే భాబీ మురిసిపోయారు, నేను అంతకన్నా ఎక్కువ. అవి తినేది మురికిని కాదనీ, ఇసుకలో బతికే కంటికి ఆనని పురుగులను అనీ, అంత చిన్న తొట్టెలో ఆ తిండి త్వరలోనే అయిపోతుందనీ నాకు తెలియదు.

"దొరా, మీ చుక్క చేప సన్నబడ్డది. జర చూడుండ్రి" అని భాబీ రెండుసార్లు చెప్పారు. పెద్ద ప్రాణి, దానికేమీ కాదన్నాను.

ఒకనాడు పొద్దున వెళ్లేసరికి ఒకటి చచ్చి ఇసుకలోనే కుళ్లింది, రెండోదాని చేయి ఊడింది. నీళ్లు తెల్లబడ్డాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. భాబీ గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆమె సముద్రాన్ని నేనే పాడుచేశాను.

భాయ్, నేను కలిసి సాయంత్రందాకా నీళ్లు మార్చాం. రెండో నక్షత్ర చేప దక్కలేదు గాని చేపలు తేరుకున్నాయి. మా వంశంలో తప్పు ఒప్పుకున్నవాళ్లను నేను చూడలేదు. ఆనాడు మంచం పక్కన నేల మీద కూర్చుని, చెప్పింది వినకపోవడం నా తప్పేనన్నాను. ఆమె ఇటు తిరిగారు.

"మీ గడిల వాకిలి ఊడ్సెటోళ్లు గూడ ఏనుగు మీద వచ్చేటోళ్లా దొరా?"

భాయ్ నవ్వు ఆపుకోలేకపోయారు. నేనూ నవ్వాను, ఎన్నేళ్లకో.

ఈసారి ఎంపిక ఆమెదే. వ్యాపారిని ఫోన్‌లో అడిగి ఒక్కొక్క ప్రాణి సంగతీ ఆమెకు వినిపించాను. నోటితో ఇసుకను జల్లించే చేప వద్దన్నారు, దుమ్ము లేపుతుందని. సముద్ర దోసకాయ అనే ప్రాణి చస్తే నీళ్లు విషమవుతాయంటే అదీ వద్దన్నారు. పైపొరను గీకి తినే సన్నటి నత్తలు కొన్ని, ఇసుకలో దాక్కుని మిగిలిపోయిన తిండి తినే నత్తలు కొన్ని తెప్పించాం. బస్సులో వచ్చిన నీళ్ల సంచీలోకి తొట్టె నీళ్లు చుక్కచుక్కగా కలిపి, అలవాటు పడ్డాక వదిలాం. దాక్కునేవి నిమిషంలో మాయమయ్యాయి. రొయ్య ముక్క వేయగానే ఇసుకలోంచి వాటి సన్నటి తొండాలు ఒక్కొక్కటే లేచాయి.

"అగో, వచ్చిన్రు మనోళ్లు! భయ్యా, గా మూలకున్నదాన్ని చూడు, ఎంత ఆగమైతుందో!"

ఈసారి ఆమె నన్ను దొరా అనలేదు. నేను గమనించనట్టే ఉండిపోయాను.

ఆమె ఉన్నన్నాళ్లూ ఆ ఇసుక తెల్లగానే ఉంది. ఇప్పుడు ఆ డాక్టరు దగ్గరున్నలాంటి అక్వేరియాలకు మనుషులొచ్చి గొట్టంతో ఇసుకలోని మురికి పీల్చి వెళ్లిపోతున్నారు. లోపల ఏ ప్రాణి సన్నబడిందో, ఏది ఇవాళ బయటికి రాలేదో కూర్చుని చూసే కళ్లు లేవు. భాబీ పోయాక భాయ్ ఆ గదిలో అడుగుపెట్టలేకపోయారు. తొట్టెను నేనే ఒక హోటలుకు అమ్మిపెట్టాను. ఇసుకను, నత్తలతో సహా, హైదరాబాద్ వ్యాపారి కొనుక్కున్నాడు.